బోర్లించిన కుండ

నేను అక్షరాలు దిద్దింది నలభై దాటాక. తప్పులుంటే మీరే సరిచేసుకొని చదవండి. చెయ్యి మెల్లగా నడుస్తుంది, ఒక్కో మాట దగ్గర ఆగి ఆగి రాశాను. అందుకే వాళ్లు అన్న మాటలు తప్ప ఇంకేమీ రాయలేదు.

ఊరు చమఖండి, సముద్రం ఒడ్డున. ఇంటి ముందు నెత్తళ్ల చేపలు ఎండబోసి ఉన్నాయి, పొయ్యి మీద చోడంబలి, అంటే రాగి జావ, ఉంది. అత్త కూర్మమ్మ, కోడలు ముత్యాలు. ముత్యాలు మగడు పైడన్న చేపల వేటకెళ్లి, సునామీనాడు అండమానులో పోయాడు. అప్పటికి కడుపులో ఉన్న కూతురు నీలవేణి ఇప్పుడు బడి నుంచి వచ్చే వేళ.

"ఓలే ముత్యాలూ, కాకులే, కాకులు! నెత్తళ్లు ఎత్తుకుపోతన్నాయి."

"పోనీ అత్తా. నానడిగిందానికి సెప్పు."

"ఏటడిగేవు?"

"నీలతో ఏటన్నావు?"

"ఏటీ అన్నేదు."

"ఏటీ అనకపోతే నా గుంట నాతో మాటెందుకు మానేసింది? నా సేత్తో పెట్టిన కూడు ఎందుకు ముట్టదు?"

"ఈడొచ్చిన గుంట. అలకలుంటాయి."

"'కుండ బోర్లించి మా నాన్నని సంపేవంట గదా' అంది. అలకేటి అది?"

"అబద్దం సెప్నానేటి? ఊరందరికీ తెలిసిందే. దానికీ తెలవాల."

"ఇన్నేళ్లూ నన్నన్నావు, పడ్డాను. దాని సెవిలో కూడా ఎయ్యాలేటి?"

"మగోడు సంద్రం మీదుంటే ఇంట్లో కుండ బోర్లించకూడదు. మన కులంలో ఎవుల్నడిగినా సెప్తారు. ఆ ఆదోరం పొద్దున్న మన అరుగు మీద కుండ బోర్లా ఉంది. అక్కడ అండమానులో ఆడి పడవ బోర్లా దొరికింది. ఇంకేటి కావాల?"

"ఆ కుండ నాను బోర్లించినట్టు నాకు గేపకమే నేదు."

"నీకేటి గేపకముంటాది? వాంతులు సేసుకోని సాప మీద పడున్నావు. కుక్క మూతెడతాదని తోమి, అరుగు మీద..."

"కుక్కేటి?"

"ఏ కుక్క?"

"ఇప్పుడు నువ్వే అన్నావు."

"ఏదో అన్నాను. అంబలి మాడతంది, సూడు."

"మాడదు, సన్నమంటే. ఇలా రా అత్తా. కుండలోకి సూడు."

"అంబలేగా. ఏటుంది?"

"మీద తొరక కట్టింది. కిందనించి ఉడుకు తంతే ముక్కలై జరగతంది. సూసేవా?"

"జరిగితే?"

"భూమి కూడా ఇంతేనంట. భారతీదేవి టీచరమ్మ బొమ్మేసి సెప్పింది."

"ఆ మజ్జాన్నం బడి టీచరా? తల నెరిసినోళ్లకి ఓనమాలు నేర్పి ఏ ఉద్దోగాలిప్పిస్తాదో."

"ఇను. భూమి నట్టనడుమ ఇనప ముద్ద, నిప్పులాగ కాలతా ఉంటాది. దాని సుట్టూ ఉడుకు రాయి. రాయే గాని, అంబలి కంటే మెల్లగా, మెల్లగా కదలతాది. అన్నిటికీ మీద మనం నిలబడ్డ పెంకు, ఈ తొరకలాగ. అది కూడా ఒకటే ముక్క గాదు. పలకలు. గోరు పెరిగినంత మెల్లగా జరగతాయంట."

"పుట్టినకాన్నించీ ఈ నేల మీదే ఉన్నాను. నాకెప్పుడూ జరగనేదు."

"నీతోపాటే జరిగితే నీకేటి తెలస్తాది? రైల్లో నిద్దరోయినోడికి రైలు నడిసినట్టు తెలస్తాదేటి?"

"సర్లే. దానికీ నా కొడుక్కీ ఏటి?"

"మన కిందున్న పలక, అండమాను కిందున్న పలక అడుక్కి దూరతందంట. దూరతా దూరతా అతుక్కుపోయింది. మన తాతల కాలంనించీ అతుక్కునే ఉంది. ఆ ఆదోరం పొద్దున్న జారింది. మీద పలక ఎగిరి సంద్రాన్ని మొత్తం ఎత్తేసింది. అదీ సునామీ."

"గంగమ్మకి కోపమొచ్చిందన్నారు అందరూను."

"లంకలో పోయారు, తమిళ దేశంలో పోయారు, ఇంకా ఎక్కడెక్కడో పోయారు. ఆ ఇళ్లన్నిట్లో కూడా కుండలు నానే బోర్లించేనా?"

"ఆలిళ్లలో ఆలేటి సేసేరో, మనకేటి తెలుసు?"

"అత్తా, కబురొచ్చిన్నాడు అందరి ముందరా నా కాసి ఏలు సూపించేవు. ఆ దినం నాను పెనిమిటి కోసం ఏడవనేదు. కుండ కోసం ఏడిసేను. అప్పట్నించీ కొత్త వల ముట్టనేదు, ఎవుల పడవా ముట్టనేదు, పురిటికెల్లి ఏ పసిగుంటనీ ఎత్తుకోనేదు. ఎవులో ఒద్దనీసి గాదు. నాకే బయం. నా సెయ్యే మంచిది గాదని."

"ఉండు, ఉండు. ఆ పలక జారడానికీ, ఇంట్లో మనం సేసిందానికీ... ఏటీ సమందం నేదా?"

"నేదు."

"టీచరమ్మ అలాగే అందా?"

"అలాగే అంది."

"తెల్లారగట్ల కుండ బోర్లిస్తే?"

"ఎప్పుడు బోర్లించినా అంతే."

"ఒట్టెయ్."

"ఏటి మీద?"

"నీ గుంట మీద."

"నా గుంట మీదొట్టు. ఇన్నిసార్లు ఎందుకడగతన్నావు?"

"ఊరికే. ముసిల్దాన్ని, బుర్రకెక్కొద్దా?"

"బుర్రకెక్కితే సాలు. నీల ఒచ్చే యేలయింది. దానికొక్క మాట సెప్పు, మీయమ్మ సంపనేదని. నా ముందర సెప్పు. ఇంకేటీ అడగను నిన్ను."

"అదిగో, ఒస్తంది."

"నీలా, సంచీ అక్కడెట్టి ఇలా రా. మీ నాయనమ్మ నీకొక మాట సెప్తాది."

"ఏటి నాయనమ్మా?"

"గుంటా, భూమి కింద పలకలుంటాయంట. అవి జరగతాయంట. నిజిమేనా?"

"నిజిమే. భూగోళంలో ఉంది. ఎప్పుడో సదివేను."

"సునామీ కూడా దానివల్లేనా?"

"దానివల్లే. పరీక్షలో వొస్తే రాసేను కూడాను. పదికి పది."

"సదివేవా నీలా? సదివీ నాతో మాట మానేసేవా?"

"అది పరీక్షకి సదివిందమ్మా."

"నువ్వాగవే ముత్యాలూ. గుంటా, ఇటు సూడు. ఇంట్లో ఎవులేటి సేసినా ఆ పలక జారక మానదా?"

"ఎలా మానతాది?"

"కుండ బోర్లిస్తే?"

"కుండకీ దానికీ ఏటి నాయనమ్మా?"

"బోర్లించకపోయినా పోయేవోడేనా మీ నాన్న?"

"పోయేవోడే."

"అత్తా, నన్నుగాదు, దాన్ని సూసి సెప్పు. మీయమ్మ సంపనేదని సెప్పు."

"ఓలమ్మ, నా గుండిప్పుడు నెమ్మదించింది. ఆ తెల్లారగట్ల కుక్క మూతెడతాదని ఆ కుండ బోర్లించింది నానే గదేటే, ముత్యాలూ... అయితే నా కొడుకుని నాను సంపనేదన్నమాట."

మైలపల్లి ముత్యాలు, ఏభై ఏళ్లు. ఇప్పటికీ చమఖండి, అదే ఇల్లు.