మందు పెట్టింది దోమకే

1991 జులై పదిన, బుధవారం నాడు, నేడు పదవీ విరమణ చేస్తున్న మా సహోద్యోగిని మలేరియా నివారణ విభాగంలో విధుల్లో చేరారు. చేరిన పూటే వీధుల్లో పొగ కొట్టే యంత్రాన్ని భుజానికెత్తుకోవడంతో సాయంత్రానికల్లా ‘పొగక్క’ అయ్యారు. ఆ తర్వాత వారి అసలు పేరు విరమణ ఉత్తర్వులో తప్ప మరెక్కడా కనబడలేదు.

తొలి సంవత్సరాల్లో వారు ఉద్యోగుల కాలనీకి విశేష సేవలందించారు. తమ వీధికి పొగ రాలేదని పై అధికారులదాకా వెళ్ళిన పెద్దమనుషులే, బండి చప్పుడు వినగానే కిటికీలన్నీ బిగించుకుని లోపలి దోమలను జాగ్రత్తగా కాపాడుకునేవారు.

పర్యవేక్షకురాలిగా పదోన్నతి పొందాక, ఇటుక బట్టీల పేటలో దోమతెరల పంపిణీ వారి బాధ్యత అయింది. రోజూ దోమల కాయిల్స్ కొనలేని కూలీలకు, దోమలను చంపే మందు పట్టించి ఉండటంతో ఏళ్ళతరబడి పనిచేసే ఆ తెరలే అందుబాటులో ఉన్న రక్షణ. కార్యాలయం ఆ సంగతిని మైకులో చాటింది: “ఇవి మందు పెట్టిన తెరలు.”

మనిషిని వశం చేసుకోవడానికి పెట్టేదాన్ని కూడా మందే అంటారని మా అందరికీ తెలుసు. మైకు పట్టుకున్నప్పుడు మాత్రం ఎవరికీ తోచలేదు. మర్నాటికి పేటలోని తెరలన్నీ బట్టల సోడాలో ఉడికి, మందంతా వదిలి, తీగలమీద ఆరుతున్నాయి.

అక్కడొక ఇంట్లో కోడలు గర్భిణి. మొదటి కాన్పు మలేరియా జ్వరంతోనే పోయింది. వానలు దగ్గరపడుతున్నాయి. పొగక్కగారు కొత్త తెర పట్టుకెళ్తే అత్తగారు గుమ్మంలోనే ఆపారు.

“మందు పెట్టిన గుడ్డ కింద నా కొడుకునీ కోడలినీ పడుకోమంటావా?”

“మందు పెట్టింది దోమకి, పెద్దమ్మా.”

“మరి ఆ ముక్క మైకులో చెప్పలేదేం? అయితే ముందు నువ్వు పడుకో, చూస్తాను.”

పొగక్కగారు పడుకున్నారు. పొద్దుటినుంచీ తిరిగి ఉన్నారు కనుక నిద్రపోయారు, గురక కూడా పెట్టారు. సరిగ్గా అప్పుడే తనిఖీకి వచ్చిన అధికారి గుమ్మంలో నిలబడిపోయారు.

“ఆవిణ్ణి లేపకండి బాబూ, ఇంకా తేలలేదు,” అన్నారు అత్తగారు.

మెలకువ రాగానే, మామీద ఏమన్నా ప్రేమ పుట్టిందా అని అత్తగారు పరీక్షగా అడిగారు. “లేదు పెద్దమ్మా, ఆకలేస్తోంది,” అన్నారు పొగక్కగారు. తెర ఆ పూటే మంచానికి కట్టారు. అధికారి అడిగిన సంజాయిషీకి “విధి నిర్వహణలో భాగంగానే నిద్రించితిని” అని వారు రాసిన జవాబును మా కార్యాలయం నేటికీ గౌరవంగా తలుచుకుంటుంది.

పేటంతా ఒప్పుకుంది గానీ, ఉడికిన తెరల స్థానంలో ఇవ్వడానికి గిడ్డంగిలో నిల్వ లేదు. నిల్వంతా సిబ్బంది ఇళ్ళలో సోఫాలమీదా వాషింగ్ మెషిన్లమీదా పరిచి ఉంది. పొగక్కగారు ఇంటింటికీ వెళ్ళి, పిల్లల చదువులు అడిగి, టీ తాగి, తెర మడతపెట్టి పట్టుకొచ్చారు. కవర్లు ఉతికే అలవాటు మన ఇళ్ళలో లేనందున వాటి మందు భద్రంగా ఉంది.

ఆ వానాకాలం కోడలికి జ్వరం రాలేదు. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. అత్తగారు పనిగట్టుకుని ఆఫీసుకొచ్చి, పిల్ల రాత్రంతా ఏడుస్తోందని, ఇంటిల్లిపాదికీ నిద్ర లేదని పొగక్కగారికి ఫిర్యాదు చేశారు. వారు శ్రద్ధగా విని, మరోసారి చెప్పమన్నారు.

ఇటువంటి ఫిర్యాదులను ఇంకా అనేక సంవత్సరాలపాటు వినగల చెవులూ, వాటిని వెతుక్కుంటూ వెళ్ళగల మోకాళ్ళూ వారికి చల్లగా ఉండాలని, కుటుంబసమేతంగా నిండు నూరేళ్ళు జీవించాలని మా విభాగం మనసారా కోరుకుంటోంది.