ఊరు తెలీని ఆకురాయి

“అవ్వా, ఈ రాయిలోకి ఈ ఆకు యాడనుంచి వచ్చింది?”

అదా? నీకెట్ల దొరికింది? గూట్లో ఎనకాల పెట్టింటినే... సరే, తీసుకున్యావు గదా, ఇట్ల కూసో. కాళ్ళు సాపుకో. అది ఎవురూ చెక్కింది గాదమ్మీ. నిజంగా ఆకే. చూడు, నడుమ ఈనె, రెండు పక్కలా సన్న సన్న రెక్కలు, ఈతమట్ట మాదిరి. మనుషులే పుట్టని కాలం నాటిదంట. రాయిలో నిద్రపోతా ఉండాది.

అది మా అమ్మది. అమ్మ మొగం నాకు గుర్తు లేదు. మా నాయన రైలుకట్ట పనికని ఊళ్ళు పట్టుకోని తిరిగినోడు, యాడో ఒక పిల్లను కట్టుకోని తిరుత్తణికి పిలుచుకొచ్చినాడు. ఇంట్లోవాళ్ళకు రోసం. ఎవురి బిడ్డ, ఏ ఊరు అని ఒక్క మాట అడగలా. అడిగితే ఒప్పుకున్నట్టు గదా! ఆమె కూడా తనంతట తాను చెప్పలా. నేను దోగాడే పొద్దులో కలరా వచ్చి ఇద్దరూ పోయినారు. నాయనకు అక్క, మా అత్త, నన్ను ఎత్తుకొచ్చి సాకింది. అమ్మ పెట్టెలో ఒక కోక, కోకలో చుట్టిపెట్టి ఈ రాయి. అంతే, ఇంకేం లేదు.

మన పక్క బాయి తొవ్వి నీళ్ళు పడితే, మొదట పైకొచ్చిన రాయికి పసుపు పూసి గంగమ్మ అని మొక్కుతారు, తెలుసు గదా? నీకేం తెలుసులే, మీకు బోరింగులే. అమ్మ పుట్టింటి బాయిలోది అయ్యుంటాదని అత్త దాన్ని గూట్లో పెట్టింది. శుక్రారం శుక్రారం పసుపు, నూనె. మనిషిని ఒప్పుకోలా, రాయిని ఒప్పుకునింది. మా అత్త అట్లాంటిది.

నేను పెద్దదాన్నైనాను. సంబంధాలోళ్ళు వస్తారు, కాఫీ తాగతారు, అడగతారు, “పాప వాళ్ళమ్మది ఏ ఊరు?” నేను పైట కొన వేలికి చుట్టుకుంటా నిలబడుకోవాల. అత్త నేల చూస్తాది. లేచి పోతారు. వాళ్ళు పోయినందుకు కాదు నాకు బాధ. నాకూ తెలుసుకోవాలని ఉండె. అది ఒక మాదిరి ఆకలి పాపా. అన్నం తిన్నా పోదు.

అప్పుడు తిరుత్తణి ఆంధ్రాలో ఉండె, ఇంకా మదరాసులో కలపలా. రైలెక్కి తిరువళ్ళూరు పోతే ఇంకొక రాష్ట్రం, నవ్వొస్తాది తలుచుకుంటే. ఆ కాలంలో మదరాసు కాలేజీలో పాఠాలు చెప్పే వాత్యారు ఒకాయన, పిల్లోళ్ళను ఏసుకోని వచ్చి సత్రంలో దిగినాడు. రాళ్ళు చదివే వాత్యారు. ఎండన పడి తిరిగి మా తిన్నె మీద కూసోని మజ్జిగ తాగతా, లోపల గూట్లో దీన్ని చూసి లోటా కింద పెట్టేసినాడు. “ఇది యాడిదమ్మా?” అన్నాడు. అదే గదా సామీ, మాకూ కావాల్సింది!

ఆయన చెప్పినాడు, ఇట్లాంటి ఆకు శానా తావుల దొరకతాది, ఆకు ఊరు చెప్పదు, ఆకును పట్టుకోని ఉండే మన్ను చెప్పాల అని. చెయ్యి చాపినాడు. “స్నానం లేకుండా గంగమ్మను ముట్టుకోవద్దు” అనింది అత్త. పావం, వాకిట్లోనుంచే తొంగి చూసి, “పసుపుపచ్చ రాయి. ఊత్తుకోట దిక్కుది అయ్యుండాల” అన్నాడు.

నేనూ మామా, అంటే అత్త మొగుడు, బస్సెక్కి ఊత్తుకోట పోయినాము. బాయి బాయికీ పోయి అడిగినాము. ఎవురికీ తెలీదు. ఒకామె నన్ను చూసి ముంజకాయలు కొట్టిచ్చింది. తింటా ఏడుపు మింగినా. ఇంటికొచ్చినాము.

ఆ ఏడంతా నాకు పగలే కల. వాత్యారు ఇంకో మాట కూడా చెప్పిండె, ఈడంతా ఒకప్పుడు సముద్రం అంచు అని. చెనిక్కాయలు ఒలుస్తా కూసోనుంటానా, కొండ కిందిదాకా నీళ్ళు వచ్చినట్టుంటాది. ఒక ఆకు రాలి బురదలో మెల్లింగా పండుకుంటాది. దాని పక్కన ఎవురో ఒంగోని చూస్తా ఉంటారు, మొగం కనపడదు. అత్త అరిస్తే గానీ ఈ లోకానికి వచ్చేదాన్ని గాదు.

మరుసటి ఏడు వాత్యారు మళ్ళీ వచ్చినాడు. మామ జరిగింది చెప్పినాడు. ఆయన తల గోక్కోని, “చేత్తో పట్టుకోకుండా చెప్పడం నాదే తప్పు. ఒక కొన కొట్టి చూడనిస్తారా?” అన్నాడు. గంగమ్మను సుత్తితో కొట్టేదంట! మామ వంటింటి దిక్కు చూసినాడు. వంటింట్లోనుంచి అత్త వచ్చింది. చేతులు తుడుచుకోని, తానే గూట్లోనుంచి తీసి ఆయన చేతిలో పెట్టింది. “కొట్టు నాయనా. మా తమ్ముడు తెచ్చిన ఆ పిల్లను ఆ పొద్దే నేను నోరు తెరిచి అడిగింటే, ఇప్పుడు ఈయమ్మను కొట్టే పని ఉండదు గదా” అనింది.

టక్కుమనింది. ఇదో, ఈ కొనే. లోపల తెల్లంగా సుద్ద! పసుపంతా మేము పూసింది అమ్మీ. అన్నేండ్లు పూసి పూసి మేమే దాని ఊరు కప్పేసినాము. ఆయన ఆ పెచ్చును నాలిక మీద పెట్టుకుంటే అతుక్కునింది. “సామిని నాకతా ఉండాడే!” అని అత్త కండ్లనీళ్ళతోనే నవ్వేసింది. “సన్న సుద్దమన్ను. తిరువళ్ళూరుకు దక్షిణాన, కూవం ఏరు దాటితే కొన్ని పల్లెల్లో బాయి తొవ్వితే ఇది వస్తాది” అని ఆ పల్లెల పేర్లు చెప్పినాడు. వాటిలో మనోళ్ళు, తెలుగోళ్ళు, ఉండేది ఒక్క పల్లెలోనే అని మామకు తెలుసు.

పోయినాము. రైలు దిగి, బండి ఎక్కి, మిట్టమధ్యాన్నానికి. ఊరి మొదట్లోనే ఒక బాయి, ఒకాయన ఎద్దుల్ని కడగతా ఉండాడు. మామ నిదానంగా అడిగినాడు, రైలుకట్ట పనోడిని కట్టుకోని పోయిన పిల్ల ఈ ఊరిలో ఎవురిదన్నా ఉందా అని. ఆయన తిరిగినాడు. నా మొగం చూసినాడు. చూసి, నా ఎనకాల దావలోకి చూసినాడు.

“అక్కను యాడ నిలబెట్టినారు? రమ్మనండి. నాయన పోయినాడు, ఇంక కోప్పడేవాళ్ళు ఎవురూ లేరు” అన్నాడు.

ఏం చెప్పేది పాపా? అమ్మను ఎతుక్కుంటా నేను పోతి. ఆయనకు అన్నేండ్లూ అమ్మ బతికే ఉండాది. నేను పోయిన ఆ పొద్దే చచ్చిపోయింది.

మామే చెప్పినాడు. సావు మాట చెవిన పడితే ఎన్నేండ్లైనా నెత్తిన నీళ్ళు పోసుకోవాల గదా. ఆయన కట్టుగుడ్డలతోనే బాయికాడ కూసోని, తోడి తోడి పోసుకున్యాడు. మళ్ళా ఒక కడవ తోడి, “రా తల్లీ, నీకెవురు పోసింటారు అప్పుడు” అని నా నెత్తిన పోసినాడు. నా మేనమామ. అప్పుటిదాకా నేను అమ్మకోసరం ఏడ్సిందే లేదమ్మీ. ఏడ్సేదానికి ఇంకొకరు తోడుండాల గదా. ఆ నీళ్ళల్లో ఇద్దరమూ ఏడ్సినాము.

ఊఁ... సరే, ఎండ దిగింది. లెయ్యి. నువ్వు సల్లంగా ఉండు తల్లీ. యాడికన్నా పో, నీకు నచ్చినోడిని కట్టుకో, నేను వద్దనను. పొయ్యేటప్పుడు మాత్రం చెప్పి పో. అలిగి మొగం తిప్పుకున్నోళ్ళకు కూడా, యాడ ఉంటావో చెప్పి పో...