రాత కింద పేరు

"మరి నువ్వు రాయకపోతే కింద నీ పేరెందుకున్నదయ్యా?"

"మెల్లగ. ఆయన ఇంటడు."

"ఇననీ. నిన్నటికెల్లి ఇంటనే ఉన్నడు. నీ పేరెందుకున్నది?"

"నేను రాయలే నర్మదా. నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్టు వెయ్యకు. నేను బతకాలె."

అది 1986 ఎండాకాలం, కరీంనగర్. పెయింటర్ దేవదాస్ ఇంటి అరుగు మీద నిన్న మధ్యాహ్నం నుంచి కానిస్టేబుల్ కైలాసం కాపలా కూర్చున్నాడు. మనిషి మంచివాడే, కానీ ఖాకీ ఖాకీయే కదా. అందుకని మొగుడూ పెళ్ళాం వంటింట్లో పొయ్యి పక్కన చేరి గుసగుసగా పోట్లాడుకుంటున్నారు. నర్మదకైతే నిన్నటి నుంచి ముద్ద దిగలేదు.

"అయితే ఎవలు రాసిన్రు?"

"నాకేం ఎర్క."

"నాకేం ఎర్క అంటే ఇడువరు. పర్శరాములు రాసిండా? టాకీసు బోర్డులు నీకిచ్చిన కాడికెల్లి ఆయనకు కడుపుల మంట."

"పర్శరాములు అక్షరం గట్లుండది. ఆయనది ఉబ్బినట్టుంటది. గోడ మీద అక్షరం సూసినవా నువ్వు?"

"నేనెందుకు సూస్త. కలెక్టరు కచ్చేరి దిక్కు పోను గూడ పోలే."

"నేను సూసిన. నిన్న పొద్దుగాల పోయి సూసిన. మనిషెత్తు అక్షరం నర్మదా. ఎర్రమన్ను జాజుతోని నింపి, సుట్టు సున్నం గీత. ఏడ వణకలే గీత. పదిహేనేండ్ల సంది గోడలు రాస్తున్న. సబ్బు రాసిన, బీడి రాసిన, ఇద్దరు పిల్లలు సాలని రాసిన, అన్ని పార్టీల గుర్తులు రాసిన. ఒక్కడంటే ఒక్కడు ఆగి సూడలే. గా గోడ కాడ జాతరున్నట్టున్నది. సైకిళ్ళు దిగి సూస్తున్నరు."

"పానం మీదికొస్తే అక్షరం మంచిగున్నదంటున్నవ్. నీకు జరంత సిగ్గున్నదా?"

"మంచిగున్నదాన్ని మంచిగున్నదనకపోతే ఎట్ల."

"ఏం రాసున్నది గంత పెద్దగ? నాకెవ్వలు సక్కగ చెప్తలేరు."

"ఎందుకు నీకు."

"చెప్పు."

"నా కొడుకు రాజం ఏడున్నడు, జవాబు చెప్పున్రి. గంతే."

"గంతేనా?"

"దాని కింద చిన్నగ, దేవదాస్ ఆర్ట్స్, కరీంనగర్."

"మనకు కొడుకే లేకపాయె. గీ మాటనే ఎస్సై సారుకు చెప్పు. నాకిద్దరు ఆడివిల్లలు సారూ, రాజం ఎవడో నాకు తెల్వది అని చెప్పు."

"పోయిన నెల గా ప్రెస్సాయన్ని తోల్కపోయిన్రు. కరపత్రం అచ్చేసిండని. ఆయన గూడ అన్ని సక్కగనే చెప్పిండట."

"ఏమైందాయనకు?"

"వచ్చిండు."

"వచ్చిండు గదా."

"వచ్చిండు. చేతి ఏళ్ళు వంగుతలెవ్వు."

"నీ ఏళ్ళు సూపు."

"ఏందే, ఇడువు."

"సూపు. గీ ఏళ్ళకేమన్న అయితే నేను, పిల్లలు ఏం తిని బతుకుతం? సారు ఎన్ని గంటలకొస్తడట?"

"బందోబస్తుకు పోయిండట. పన్నెండిటికి వస్తడు. రాంగనే నన్ను తీస్కరమ్మన్నడు. సారు సూసేదాంక గోడ గూడ తుడువద్దన్నరట."

"ఇప్పుడు పది దాటింది. మా అక్క ఇంటికి పోదాం పా. ఎన్క దర్వాజకెల్లి పోదాం."

"మనింటికి ఎన్క దర్వాజ ఏడున్నది?"

"అయ్యో, గది గూడ లేకపాయె. ఇను. నువ్వు నా మొకం దిక్కు సూస్తలేవు. రాజం ఎవలో నీకు ఎర్కనే."

"లేదు."

"ఎర్కనే."

"కొమురవ్వ కొడుకు."

"ఏ కొమురవ్వ? బస్టాండు కాడ పల్లికాయలమ్మే కొమురవ్వనా? ఆమె కొడుకు దుబాయి పోయిండంటిరి గదా."

"జీపుల ఎక్కిచ్చుకపోయిన్రు. ఏడు నెలలాయె. ఏ జీపో ఎవలు చెప్పరు. ఏ ఠాణకు పోయినా మా కాడ లేడంటరు. గామె నా దుకాణానికొచ్చి, కొడుకా, నువ్వు గోడ మీద రాస్తవు గదా, గీ మాట రాయి అన్నది. నేను ఒప్పుకోలే నర్మదా. గోడ మీద రాయను, గీ రేకుముక్క మీద రాసిస్త, ఇంట్ల పెట్టుకో అన్న. ఏదో గామె మనసు నిమ్మలమైతదని రాసిచ్చిన."

"రాసిచ్చి?"

"అలవాటు సొప్పున కింద పేరేసిన."

"ఓరి దేవుడా."

"గామెకు సదువు రాదు. ఒక్క అక్షరం తెల్వది. రేకు మీద ఏదెట్లున్నదో గట్లనే గోడ మీదికి దించింది."

"అయితే ఇంక ఆలోచనెందుకు? లే. కైలాసన్నకు చెప్పు. గామె రాసిందని చెప్పు, నిన్నిడుస్తరు."

"గామెను?"

"ముసల్దాన్ని ఏం జేస్తరు?"

"ముసలోళ్ళ ఏళ్ళు ఇంక జల్ది ఇరుగుతయి."

"నాకు గదంత తెల్వది. నాకిద్దరు పిల్లలున్నరు. ఆమె కొడుకును నేను తీస్కపోలే, నువ్వు తీస్కపోలే. నువ్వు చెప్పకపోతే నేను పోయి చెప్త."

"నర్మదా."

"చెప్త. నాకు భయమైతున్నదయ్యా. నీకు తెలుస్తలేదా, నాకు పానం పోతున్నది."

"ఆగు. అరుగు మీద ఎవలో మాట్లాడుతున్నరు."

"ఎవలవ్వా నువ్వు? ఏడికి పోతున్నవ్?"

"పల్లికాయలు బిడ్డా. లోపట బిడ్డ తెమ్మన్నది. నువ్వు గిన్ని తిను, నిన్నటికెల్లి గూసున్నవట."

"పో, జల్ది రా."

గంప చంకన పెట్టుకుని కొమురవ్వ నేరుగా వంటింట్లోకే వచ్చింది. ముఖమంతా వెలుగు. కొడుకు పోయిన తర్వాత ఆ ముఖం అలా ఉండగా దేవదాస్ ఎప్పుడూ చూడలేదు.

"కొడుకా, రాత ఎట్లున్నది? శానమంది సూస్తున్నరు. నీ లెక్కనే వచ్చిందా?"

"మెల్లగ అవ్వా, మెల్లగ. నీ చేతులు సూపు. ఎర్రగున్నయి గదనే. జాజు గూడ కడుక్కోలేదా? గీ చేతులతోనే పోలీసాయనకు పల్లికాయలిచ్చినవా?"

"ఇల్లలికే ఆడోళ్ళ చేతులు ఎప్పుడు గట్లనే ఉంటయి. ఎవలడుగుతరు?"

"ఎప్పుడు రాసినవవ్వా? ఎవలు సూడలేదా?"

"ఆదివారం పొద్దుగాల. కచ్చేరి బందుంటది గదా. నిచ్చెన వేస్కొని గీస్తుంటే వాచ్‌మను వచ్చి, ఏందవ్వా, మంత్రి వస్తుండా, గోడ అలుకుతున్నవ్ అన్నడు. ఊఁ అన్న. నిచ్చెన గూడ పట్టుకున్నడు పాపం."

"గంత సక్కని గీత ఎట్ల వచ్చింది నీకు? నేను దారం కొట్టి గీత పెట్టుకోకపోతే రాయలేను."

"యాభై ఏండ్ల సంది వాకిట్ల ముగ్గు గీస్తున్న కొడుకా. పొద్దుగాల నేను గీసుడు, పగటికల్ల అందరు తొక్కుడు. గోడ మీదైతే తొక్కరు గదా అనుకున్న."

"ఏమయ్యా, ముచ్చట్లు పెడుతున్నవా? అడుగు. కింద వరుస సంగతి అడుగు."

"అవ్వా, అన్నిటికన్న కింద ఇంకో వరుస గీసినవ్ గదా, చిన్నగ. గదేంది?"

"అంచు."

"ఏమంచు?"

"ముగ్గుకు అంచు. రేకు మీద నువ్వే గీసిస్తివి. అంచు ఇడిసిపెడితే ముగ్గు నిండుతదా?"

"అది అంచు గాదవ్వా. అది నా పేరు."

"నీ పేరా?"

"ఊఁ."

"అయితే బయట గా పోలీసాయన..."

"నా కోసమే."

"నేనింక బోర్డేమన్న రాయిచ్చుకుంటుండనుకున్న. ఎంత పని జేస్తి కొడుకా. తప్పైంది. లే, నేను పోయి చెప్త. నేనే రాసిన అని చెప్త."

"నమ్మరు. ఓనమాలు రానిదానివి."

"నమ్మకపోతే ఆళ్ళ ముంగటనే గీస్త. గోడ సూపిస్తే గీస్త."

"నిన్ను తీస్కపోతరవ్వా."

"తీస్కపోనీ. మా రాజం ఉన్న కాడికే తీస్కపోతరు గదా. నేనడుగుతున్నది గదే గదా."

"అవ్వా, గట్లనకు."

"నువ్వెందుకు ఏడుస్తున్నవ్ బిడ్డా?"

"నిన్ను పట్టియ్యాల్నన్న అవ్వా. ఇప్పుడే అన్న, నువ్వు వచ్చేముంగట. నేనే పోయి చెప్తనన్న. నా పిల్లలు కండ్లల్ల మెదిలితే నాకు ఇంకేం కనపడలే."

"మంచిగనే అన్నవ్. నేనైనా గదే అందును. ఇడువు, నన్ను పోనీ."

"పోవద్దు. నువ్వు గీ పొయ్యి కాడనే కూసో. ఏమయ్యా, గామె చేతుల మీద నీళ్ళు పొయ్యి. రుద్దు. గట్టిగ రుద్దు."

"రుద్దుతున్న. అవ్వా, నువ్వు రాసిన సంగతి ఇంకెవలకన్న ఎర్కనా?"

"మా ఆడోళ్ళకు ఎర్క."

"ఏ ఆడోళ్ళు?"

"సోమారం సోమారం కచ్చేరి గేటు కాడ కూసుంటం గదా, కొడుకులు పోయినోళ్ళం. నిన్న సోమారమే గదా. వచ్చి గోడ సూసి, గిదేందక్కా అన్నరు. చెప్పిన. మాక్కూడ నేర్పు అన్నరు."

"నేర్పినవా?"

"ఆడోళ్ళు ముగ్గు అడిగితే కాదంటరా? బస్టాండు కాడ నేల మీద పుల్లతోని గీసి సూపిచ్చిన. ఏడికెల్లి ఎత్తుకోవాలె, ఏడ తిప్పాలె, అన్ని చెప్పిన. ఒక్కొక్కలు నాలుగైదు సార్లు గీసి, చేతికొచ్చినంక సాయంత్రం బస్సులెక్కి పోయిన్రు."

"ఏడికి పోయిన్రు?"

"ఎవ్వల ఊరికి ఆళ్ళు. భూమవ్వది ఆసిఫాబాదు. శంకరవ్వది జైనూరు దిక్కు, అడవిల. ఇంకిద్దరు ముగ్గురున్నరు."

"ఆళ్ళ కొడుకుల పేరు గూడ రాజమేనా అవ్వా?"

"కాదు బిడ్డా. భూమవ్వ కొడుకు అంతయ్య."

"మరి నువ్వు నేర్పింది రాజం అని గదా ఉన్నది."

"ఏదుంటే ఏంది. గీసేటప్పుడు ఎవ్వల కొడుకును ఆళ్ళు తల్సుకుంటరు."

"అవ్వా, ఒక్క మాట చెప్పు. అంచు గూడ నేర్పినవా?"

"అంచు లేకుండ ఎట్ల కొడుకా."

"నర్మదా, ఇన్నవా? ఒక్క గోడ మీద పేరుంటేనే ఇంటి ముంగట పోలీసును కూసోబెట్టిన్రు. ఇంక ఆసిఫాబాదుల, జైనూరుల..."

"దేవదాసూ."

"అయిపాయె. పిలుస్తుండు."

"పన్నెండు గాలే గదా. పోకు. అవ్వా, నువ్వు నోరు మెదపకు, నీ కాళ్ళు మొక్కుత."

"దేవదాసూ, బయటికి రా. రాకపోతే నేనే లోపటికి వస్తున్న."

"వస్తున్న కైలాసన్నా. టైం ఇంకున్నది గదా?"

"ఉన్నది. స్టేషన్‌కెల్లి సైకిల్ మీద మనిషొచ్చిండు. ఏందీ, అందరు గిట్ల పొయ్యి కాడ కూసున్నరు?"

"బిడ్డా, గా గోడ మీది రాత—"

"అవ్వా, ఊకో. నీ పల్లికాయల సంగతి మళ్ళ సూద్దాం. అన్నా, నువ్వు చెప్పు."

"దేవదాసూ, నిన్న పగటికెల్లి నువ్వు గీ ఇల్లు ఇడిసి పోయినవా?"

"లే. నువ్వే సూస్తివి. చెంబట్టుక పోతే గూడ ఎంబటి వస్తివి."

"నీ కింద పనిజేసేటోళ్ళను ఎవలనన్న పంపినవా?"

"నా కింద ఎవలున్నరన్నా. గీసేది నేనే, నింపేది నేనే, డబ్బాలు మోసేది నేనే."

"నేను గూడ గట్లనే అనుకున్న."

"ఏమైందన్నా? జర చెప్పు. నీ కడుపు సల్లగుండ, చెప్పు. మా ఆయన్ని తీస్కపోతవా?"

"ఆగు చెల్లె, నాకే ఏం సమజైతలేదు. ఇయ్యాల పొద్దుగాల ఆసిఫాబాదుల ఓ గోడ. జైనూరుల ఓ గోడ. గదే రాత, గదే జాజు, ముట్టుకుంటే చేతికంటుకుంటున్నదట. కింద గీయన పేరు. వైర్‌లెస్‌ల ఒక్క ఊరు చెప్పుడు అయిపోకముందే ఇంకో ఊరు వస్తున్నదట."

"నేను ఈడనే ఉన్న కైలాసన్నా."

"ఉన్నవ్. దానికి నేనే గవాయి, కండ్లార సూసినోన్ని. సారుకు గూడ గది ఎర్కైంది. తీస్కరావద్దు అన్నడు."

"తీస్కరావద్దన్నడా?"

"ఇప్పుడైతే వద్దన్నడు. ఒక్క మాట అడిగి రమ్మన్నడు. సైకిల్ మీద వచ్చినాయన చెప్తుండు, గా మాట చెప్పేటప్పుడు ఫోన్ల సారు గొంతు వణికిందట. మా సారు గొంతు వణికిందంటే నేను నమ్మలే."

"ఏమడగమన్నడన్నా?"

"దేవదాస్ ఆర్ట్స్‌ల మీరు ఎంతమంది ఉన్నరని."