పలక్కూడని వైఫై పేరు

వెంగమ్మ అని ఒకామె, కందుకూరు పక్కన చేలల్లో ఇల్లు, చుట్టుపక్కల ఇంకో ఇల్లు లేదు. నాటుకోళ్లు పెంచుద్ది. అంటే వాకిట్లో తిరిగే నాలుగు కోళ్లు కాదండోయ్, రేకుల గది నిండా కోడిపిల్లలు, అప్పుడే పొదిగించుకొచ్చినయి, పసుపు ముద్దల్లే ఉంటయి. వాటికి తల్లి ఉండదు కదా, అందుకని వెచ్చదనానికి పైన పెద్ద ఎర్ర బల్బులు వేలాడదీస్తారు. ఆ బల్బులే తల్లి అనుకో. ఆమె మొగుడు మాలకొండయ్య. మా పక్క ఇంటికో మాలకొండయ్య ఉంటాడు లేండి, ఈయన మాత్రం ఫోన్లో నొక్కితే పనయ్యే సామాన్లంటే పడి చస్తాడు. మోటరు ఫోన్లోనే, గేటు కాడ కెమెరా ఫోన్లోనే, ఆఖరికి పిల్లల గదిలో బల్బులు కూడా ఫోన్లోనే. మరి స్విచ్చేదయ్యా అంటే, లేదు! ఎందుకు లేదంటే, ఆయన తల్లి రవణమ్మ, ముసలామె, తెల్లారంగానే ఆ గదిలోకి పోయి "పట్టపగలు దీపాలేందిరా, కరెంటోళ్లకి దోచిపెట్టటానికా" అని టప్పున ఆపేసేదంట. చెప్పాడు, బతిమాలాడు, అరిచాడు, ఆమె వింటేనా! చివరికి స్విచ్చి పీకేసి, ఆ బొక్కకి సిమెంటు పూసి, తీగలన్నీ పైకప్పులో ఉన్న చిన్న డబ్బాలోకి కలిపేసి, "ఇంక ఆపవే చూద్దాం" అన్నాడంట. ఆమె ఆ గోడని తడిమి చూసి మూతి తిప్పుకుని పోయిందంట.

ఏమైందంటే, మాలకొండయ్య తిరపతి పోయాడు. ఆయనటు బస్సెక్కాడు, ఇటు ముసురు పట్టింది. వాన, ఈదురుగాలి, ఢమాల్మని పిడుగు. ఆ దెబ్బకి ఇంట్లో నెట్టు డబ్బా మాడి ఊరుకుంది. వెంగమ్మ ఫోన్ చేస్తే మర్నాడు నెట్టాయన వచ్చాడు, మస్తాన్ వలీ అని, మంచి మనిషే. కొత్త డబ్బా బిగించాడు, దాని మీద చిన్న లైట్లు మిణుకు మిణుకుమన్నయి, టీ తాగి పోయాడు. బాగానే ఉందనుకుంది. కాసేపటికి కరెంటు పోయింది, మళ్లా వచ్చింది. ఇంట్లో ఫ్యాను తిరిగింది, ఫ్రిజ్జు గుర్రుమంది, పిల్లల గదిలో మాత్రం బల్బులు రాలా, అవి ఫోన్లో నొక్కితేగాని వెలగవుగా. ఫోన్లో బల్బు బొమ్మ నొక్కింది, నొక్కింది, నొక్కింది. ఊహూ! మొగుడికి చేసింది. ఆయన దర్శనం లైన్లో ఉన్నాడాయె, ఫోన్లు కౌంటర్లో పెట్టించుకుంటారుగా, స్విచ్చాఫ్. గదిలోకి పోయి చూస్తే చల్లగాలి కొడతంది, పిల్లలన్నీ కీచు కీచుమంటా ఒక మూలకి చేరతన్నయి. అమ్మో అనుకుంది. ఎందుకంటే చలేస్తే కోడిపిల్లలు ఒకదాని మీద ఒకటెక్కి గుట్ట పడతయి. కిందున్నయి ఊపిరాడక పోతయి. మనం చూస్తా ఉండంగానే పోతయి.

ఉరుక్కుంటా వచ్చి మస్తానుకి ఫోన్ చేసింది. ఆయన అప్పటికే వేరే ఊళ్లో స్తంభం ఎక్కి ఉన్నాడు. "భయపడబాక అమ్మా, ఏం లేదు. మీ ఇంట్లో సామాన్లన్నీ పాత నెట్టు పేరుకి అలవాటు పడ్డయి. కొత్త డబ్బాకి కూడా ఆ పేరే, ఆ పాస్‌వర్డే పెట్టామనుకో, ఇది పాతదేలే అనుకుని వాటంతటవే వచ్చి అతుక్కుంటయి. నేనిక్కణ్ణించే పెడతా, చెప్పు" అన్నాడు. పాస్‌వర్డ్ అంటే ఒకటి నుంచి ఎనిమిది దాకా, వచ్చిన చుట్టాలకల్లా మాలకొండయ్య వాకిట్లోంచే అరిచి చెప్తాడు కాబట్టి ఆమెకి తెలుసు. "మరి పేరు?" అన్నాడు మస్తాను. "పేరంటే... ఆయన పేరేగా. ఇంటాయన పేరు గాక ఇంకెవరి పేరు పెడతారు?" అంది. "అదే, ఆయన పేరేంది?" అన్నాడు.

అంతే! వెంగమ్మ నోరు మూతపడింది. నవ్వబాకండి, మీ అమ్మమ్మల్నడిగి చూడండి. మొగుడి పేరు నోటంట పలికితే ఆయన ఆయుష్షు తగ్గుద్దని వాళ్లమ్మ చెప్పి పంపింది. పెళ్లైనకాడ్నించి పలకలా. పేరే కాదు, పేరులో ముక్కలు కూడా పలకదు. మాలని దండ అంటది, కొండని ఎత్తు అంటది. "ఆయన తిరపతి ఎత్తు ఎక్కాడు" అంటదంట, వినేవాళ్లకి పొట్ట చెక్కలు. రాసి పంపొచ్చుగా అంటారేమో, అక్షరం ముక్క రాదు ఆమెకి. బొమ్మ చూసి నొక్కుద్ది, ఏం చెప్పాలన్నా మాట రికార్డు చేసి పంపుద్ది.

అత్త వైపు తిరిగి, "అత్తా, నువ్వు చెప్పు, నీ కొడుకేగా!" అంది. రవణమ్మ రెండు చెంపలూ వాయించుకుని, "నీకేమన్నా పిచ్చా అమ్మాయ్? వాడికి పెట్టింది మా మామ పేరు! మామ పేరు నా నోట ఎట్టొస్తది? వాడు పుట్టినకాడ్నించి సామీ అనేగా పిలుస్తా" అంది. ఇంకేముంది, పేరు తెలిసినోళ్లిద్దరు, పలికేవాళ్లు ఒక్కరూ లేరు! అక్కడ మస్తాను స్తంభం మీద తడుస్తా "అమ్మా, లైన్లో ఉన్నావా?" అంటన్నాడు.

వెంగమ్మ అంది గదా, "అన్నా, గుర్తులు చెప్తా, నువ్వే పట్టుకో. ముందు సగం, పెళ్లిలో మెళ్లో వేసేది." "తాళా?" "కాదయ్యా, పూలది, దండ." "సరే, దండ. తర్వాత?" "రెండోది ఆయనిప్పుడు ఎక్కింది." "బస్సా?" "బస్సు దిగినాక ఎక్కేది! ఎత్తుగా ఉంటది, ఎత్తు!" అంది. మస్తాను రెండూ కలుపుకున్నాడు. "దండ... ఎత్తు... దండెత్తయ్యా? ఇదేం పేరమ్మా? ఎవరి మీదకి దండెత్తాడమ్మా ఆయన?" రవణమ్మ అంత కంగారులోనూ కిసుక్కున నవ్విందంట.

ఆ నవ్వు అట్టా ఉండంగానే గదిలో కీచుకీచులు ఒక్కసారిగా తగ్గినయి. చప్పుడు తగ్గిందంటే మంచికి కాదు. ఉరికి చూస్తే మూలన గుట్ట! వెంగమ్మ మోకాళ్ల మీద కూలబడి రెండు చేతుల్తో పిల్లల్ని విడదీస్తంది, ఇటు తీస్తే అటు ఎక్కుతన్నయి. రవణమ్మ కుంపటి రాజేసి తెచ్చింది గానీ తడి బొగ్గులు, పొగ తప్ప సెగ లేదు. దాన్ని బయటికి తోసేసి, కొంగు పరిచి, అందినన్ని పిల్లల్ని ఒళ్లో పోసుకుని కప్పుకు కూర్చుంది. "ఒసే, నా ఒళ్లో ఎన్నని పడతయి! చెప్పెయ్యవే! పాపమొస్తే నాకు రానీ, చెప్పెయ్!" అంది. చూడండి మరి, కన్నతల్లే ఆ మాటంది. వెంగమ్మ ఫోను నోటికాడ పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, రేకులు అదిరేట్టు "మా-ల-కొం-డ-య్యా!" అని ఒక్క కేక పెట్టింది. పెట్టి, పైనున్న దేవుడికి దణ్ణం పెట్టింది. మస్తాను కొట్టాడు. చూశారు. బల్బులు రాలా! అక్షరాలు మార్చి ఇంకో రకంగా కొట్టాడు. రాలా! "అయ్యో, ఆయుష్షూ పాయె, బల్బులూ రాకపాయె" అని వెంగమ్మ నెత్తి కొట్టుకుంది.

మస్తాను ఇంక ఆగలా. స్తంభం దిగి, బండేసుకుని, వాన్లో తడుస్తా వచ్చేశాడు. "నీ ఫోనియ్యమ్మా, పాత పేరు అందులో దాగుంటది" అని లాక్కుని, తడి వేళ్లు చొక్కాకి తుడుచుకుని వెతికాడు. వెతికి, "ఇది ఆయన పేరు కాదే! ఇందులో వెంగమాంబ అనుంది. ఎవరమ్మా ఈ వెంగమాంబ?" అన్నాడు. "ఎవరో నాకేం తెలుసన్నా" అంది వెంగమ్మ. నిజంగానే! ఊళ్లో వెంగమ్మా అంటారు, ఇంట్లో ఒసే, ఇదిగో, అమ్మాయ్, అంతే. నిండు పేరుతో ఎవరు పిలిచారు గనక? రవణమ్మే ఒళ్లో పిల్లల్తో కదల్లేక, "నువ్వేనే పిచ్చిదానా! నీ పేరే పెట్టుకున్నాడే నా కొడుకు!" అని అరిచింది. మస్తాను ఆ పేరు కొట్టి, ఫోన్లో బల్బు బొమ్మ నొక్కాడు. ఒక్క క్షణం ఏం లేదు. తర్వాత ఒకటి, ఇంకోటి, ఇంకోటి, గదంతా ఎర్రగా భగ్గుమంది! మూలనున్న గుట్ట కరిగినట్టు విడిపోయి, పిల్లలన్నీ బల్బుల కిందకి ఉరికొచ్చినయి. కిందపడి నలిగినయి కొన్ని పోయినయి, పోలేదని చెప్పను. మిగతాయన్నీ బతికి బయటపడినయి.

దర్శనం అయినాక మాలకొండయ్య ఫోన్ చేశాడు. "ఇదిగో, పిల్లలెట్టున్నయి?" అన్నాడు. "ఉన్నయి గానీ, ఆ నెట్టుకి నా పేరెందుకు పెట్టావయ్యా?" అంది. "అదా... ఏదో ఒకటి పెట్టమంటే పెట్టా... లడ్ల లైను కదుల్తంది, ఉంటా" అని పెట్టేశాడంట. అదీ సంగతి. గాల్లోకైతే పెళ్లాం పేరు రాత్రింబగళ్లు వదుల్తానే ఉన్నాడు, నోట్లోంచి వదలమంటేనే సిగ్గు! ఇప్పుడు మీరంతా ఇళ్లకి పోయి మీ నెట్టు పేరేందో చూసుకుంటారు, నాకు తెలుసు. ఏవో అంకెలుంటే మాత్రం నన్ను తిట్టుకోబాకండి.