లోహిత్ డబ్బాలకు ఆయుధపూజ

ఏందది బిడ్డా, గట్ల ఈపుకు తగిలించుకొని వచ్చినవ్? గిటారేనా? అట్లనే అనుకున్న. ఆ సంచి నాకు దూరం నుంచే ఎర్కైతది. కూసో, కూసో. రూము ఎక్కడికి పోదు, పైన్నే ఉన్నది, తర్వాత చూద్దువు గని. లిఫ్టు మీది దాక రాదు, ఆఖరి మెట్లు ఎక్కాలె, నా మోకాళ్లను జర నిమ్మలపడనియ్. ఏం పేరన్నవ్? రసజ్ఞ. మంచిగున్నది, నోరు తిరగాలె గంతే. ఆఫీసు కోకాపేటల అంటివి, మరి గాడ్నే తీసుకోకపోయినవా రూము? ఓహో, గంతెత్తు బిల్డింగులల్ల గిటారు వాయిస్తె పక్కింటోళ్లు లొల్లి పెడ్తరా? గదన్నట్టు సంగతి. ఖాజాగూడల కిష్టమ్మ ఇంటి మీదైతె అడిగెటోడు లేడని నీకెవలో చెప్పిండ్రు. ఎవలు చెప్పిండ్రో గని తప్పు చెప్పిండ్రు బిడ్డా. నేనడుగుత. ఆ రూముల ఉన్న లోహిత్‌తోని నేను కొట్లాడినంత మా ఆయనతోని గూడ కొట్లాడలే.

లోహిత్ నీకెట్ల తెలుస్తడు తియ్యి, అప్పటికి నువ్వు బడికి పోతుంటివేమో. వాడు పోయి పదేండ్లు దాటింది. తాడేపల్లిగూడెం పిల్లగాడు, సాఫ్ట్‌వేరే. పగలు ఆఫీసు, సాయంత్రం అయ్యిందంటె పైన తుఫాను. సామాను దింపిన నాడే నాకు అనుమానమొచ్చింది. ఇద్దరు మోసుకొస్తుండ్రు ఒక నల్ల పెట్టెను. బీరువా అనుకున్న. 'కాదండీ ఆంటీ, ఆంప్లిఫయరండి' అన్నడు. దాని లోపట గాజు బుగ్గలుంటయి, తెలుసు గద నీకు? అవి కాగినంకనే సప్పుడు మంచిగొస్తదట. పాలు పొయ్యి మీద పెట్టి చూసినట్టు చూసెటోడు దాని దిక్కు. గిటార్లు మూడు. ఎర్రదొకటి, నల్లదొకటి, ఇంకోదానికి రంగంత పోయి లోపలి చెక్క కనవడ్తుండె. కొత్తయి రెండు పెట్టుకొని గా బోడిదాన్నే ఒళ్లె పెట్టుకొని కూసుండేటోడు. మరి గా పెడల్స్ అంటరే, సబ్బుపెట్టెలంత రేకు డబ్బాలు, ఒక చెక్క మీద వరుసగ తీగలతోని కుట్టి పెట్టిండు. ఒకదాన్ని తొక్కితె గొంతు బొంగురు వోతది, ఇంకోదాన్ని తొక్కితె ఏడుస్తది, మరొకటి తొక్కితె అన్న మాటనే మల్ల మల్ల అంటది, నా లెక్క.

నవ్వుతున్నవా? నవ్వు నవ్వు. నేనైతె గా తొక్కుడు చూసి మండిపోయిన. ఓరి నీ పాడుగాను, వాయించే సామానంటె సరస్వతి గద, దాన్ని కాలితోని తొక్కుతవా, కళ్లు పోతయిరా అన్న. నవ్విండు. 'చేతులు రెండూ గిటారు మీదుంటాయండీ ఆంటీ, ఇక మిగిలినవి కాళ్లే కదా' అన్నడు. గట్లని ఎగతాళి చెయ్యలే. మరునాటి సంది కాళ్లు కడుక్కునుడు, ఒంగి ఆ చెక్కను ముట్టి కళ్లకద్దుకునుడు, అప్పుడే కాలు పెట్టుడు. నేను బట్టలు ఆరేసుకుంట చూసేదాన్ని. చెప్పులతోని ఒక్కనాడు తొక్కలే. నా నోటికి జడిసిండో, నిజంగనే చేసిండో, ఆ దేవునికే ఎర్క. అయినా మా లొల్లి మాకుండె. సప్పుడెక్కువైందంటె నేను మెట్ల మీద నిలవడి ఆ గిటారు ఎట్లొర్రుతుందో గట్లనే నోటితోని ఒర్రేదాన్ని, ఎక్కిరించుటానికి. పైకెల్లి వాడు, 'శృతి కరెక్టుగా పట్టారండీ, మా బ్యాండులోకి వచ్చెయ్యండి' అని. సిగ్గులేని పిల్లగాడు. అంత తిట్టినా పొద్దున్నె లేస్తె, 'ఆంటీ కాఫీ తాగారా' అని పలకరింపు. మేం తాగేది చాయ్ అని ఎన్నిసార్లు చెప్పినా గదే.

నాయినకు మాత్రం ఆ కాళ్ల మాట జెప్పి నవ్వించలేకపోయిండు. తల్లి లేదు, చిన్నప్పుడే పోయింది, నాయినే పెంచిండు. సుబ్రహ్మణ్యం గారని, కరెంటు డిపార్ట్‌మెంటుల సబ్‌స్టేషన్ కాడ చేసి రిటైరైండు. తెల్లచొక్కా, మాట తక్కువ, మా అసొంటోళ్లను గూడ అమ్మగారూ అనే మనిషి. ఒకపారి కొడుకును చూద్దామని వచ్చిండు. లోహిత్ సంబురపడి, నాన్నా వినండి అని అన్ని తగిలించి, బుగ్గలు కాగినంక మొదలుపెట్టి ఒక డబ్బా తొక్కిండు. గంతే. పెద్దమనిషి లేచి నిలవడ్డడు. 'వాద్యాన్ని కాలితో తన్నే చదువా నేను నీకు చెప్పించింది?' అన్నడు. సంచి తీసుకొని మెట్లు దిగి పోయిండు. కళ్లకద్దుకున్నది చూడనే లేదాయె. నేనప్పుడు ఊర్ల లేను, మా చెల్లె ఇంటికి పోయిన, వచ్చినంక లోహితే చెప్పిండు ఇదంత. ఉంటే చెప్పేదాన్ని. ఆ తర్వాత ఫోన్లు మాట్లాడుకునేటోళ్లు, అన్నం తిన్నవా, జరమొచ్చిందా, గివన్ని. గిటారు మాట వస్తె మాత్రం అటు ఇటు గూడ సప్పుడు బంద్. కొడుకు వాయించంగ తండ్రి ఒక్క పాట వినలేదు బిడ్డా. ఒక్కటంటె ఒక్కటి.

ఏం చెప్తుంటిని? ఆ, గుట్ట ముచ్చట చెప్పనే లేదు. ఇప్పుడు నువ్వొచ్చిన దారిల గా అద్దాల బిల్డింగున్నది గద, గాడ బండలగుట్ట ఉండె. మా బర్రెలు గాడ్నే మేసేవి. మేం చిన్నప్పుడు గుట్ట కింద నిలవడి పేరు పెట్టి పిలిస్తె మల్ల మన పేరే వచ్చేది. గీ ముచ్చట లోహిత్‌కు చెప్పిన, చెప్పుడే పాపం. రోజు పోవుడు, గాడ నిలవడి ఒర్రుడు, చెయ్యి మీద తాళమేసుకుంట అది ఎంతసేపటికి తిరిగొస్తదో చూసుడు. చెరువుకాడి చాకలోళ్లు, 'మీ కిరాయి పోరనికి ఏమైందమ్మా' అని నన్నడిగిండ్రు. వాళ్ల బ్యాండోళ్లు ఒక పాట కడుతుండ్రి. డ్రమ్ములు కొట్టే జశ్వంత్ అని ఉండె, ఇంకా ఎవలెవలో. అందరిది రికార్డయింది, మనోని గిటారే మిగిలింది. మాటన్నంక ఆ గుట్ట ఎట్ల తిప్పి పంపుతదో నా గిటారు గట్ల రావాలె అంటడు. నెలలకు నెలలు ఆ డబ్బాల మీది నాబులు తిప్పుడే తిప్పుడు. జరంత అటు, జరంత ఇటు. నాకు పిచ్చి లేవలేదంటె నా పుణ్యం.

ఒకనాడు పొద్దున నేను కడప ముందట ముగ్గేస్తున్న. ఎగురుకుంట దిగొచ్చిండు. 'దొరికిందండీ ఆంటీ!' అని. నన్ను పట్టుకపోయి పైన నీళ్ల ట్యాంకు గద్దె మీద కూసోబెట్టిండు. కాళ్లు కడుక్కున్నడు, కళ్లకద్దుకున్నడు, తొక్కిండు. ఏం చెప్పను. మాకు గౌరి అని బర్రె ఉండె. దాని పిల్ల దుడ్డెను అమ్మిన నాడు చీకటి పడెదాక గుట్ట దిక్కు చూసుకుంట అరిచింది. ముందుగాల గట్టిగ, తర్వాత తగ్గుకుంట, అయిపోయిందనుకుంటె మల్ల లేస్తది. గట్లున్నది. ఇన్నేండ్లు నేను తిట్టింది దీన్నేనా అనిపించింది. కండ్లల్ల నీళ్లొచ్చినయి, కొంగుతోని తుడుసుకొని, ఇగ చాలు తియ్ అన్న. నా చేతిల సుద్దముక్క అట్లనే ఉండె. అది అడుక్కొని ఒక్కొక్క నాబు కాడ సన్నగ గీత పెట్టిండు. ఏ గీత కాడికి ఏది తిప్పాలెనో అన్నట్టు. ఆ పొద్దంత గదే పని. 'శనివారం జశ్వంత్ వాళ్లు వస్తారండీ, రికార్డు చేసేస్తాం. అప్పటిదాకా ఇక్కడికి దోమ కూడా రాకూడదు' అన్నడు.

అప్పటికే దోమ కుట్టింది బిడ్డా. డెంగీ జరం. దవాఖానల వేసిండ్రు, నాయిన వచ్చిండు, జశ్వంత్ రక్తమిచ్చిండు. శనివారం రికార్డు కావాల్నా, శనివారం శవం ఊరికి పోయింది.

ఆ... చల్లారింది గద నీ చాయ్. తాగు. పర్వాలేదు, నేను మంచిగనే ఉన్న.

సుబ్రహ్మణ్యం గారు రూము ఖాళీ చెయ్యలే. తాళమేసి తాళంచెవి తన దగ్గరనే పెట్టుకున్నడు. సంవత్సరీకం అయ్యేదాక వాడి సామాను కదల్చనమ్మగారూ అన్నడు. కిరాయి నెలనెల పంపుడే, నేనొద్దన్నా వినలే. జశ్వంత్ వాళ్లు ఫోన్ చేస్తె వాళ్లకు గూడ గదే మాట. సంవత్సరీకం అయినంక నవమినాడు రండి బాబూ, తీసుకొని మీ పాట పూర్తి చేసుకోండి అన్నడు. ఏడాది తిరిగింది. మనకు సద్దుల బతుకమ్మ అయిన తెల్లారి. రాత్రంత ఆడి ఆడి నడుములు వడిపోయి నేను పొద్దెక్కెదాక లేవలే. లేచెవరకు పైన గంట సప్పుడు. ఎక్కి చూస్తె, రూమంత కడిగి ఉన్నది. మూడు గిటార్లకు బంతిపూల దండలు. ఆంప్లిఫయర్‌కు గంధం, కుంకుమ, కింద నిమ్మకాయ. కడప కాడ గుమ్మడికాయ కొట్టి ఉన్నది. మనం దసరనాడు బండ్లకు చేస్తం గద, వాళ్ల దిక్కు నవమినాడే చేస్తరు ఆయుధపూజ. ఆ పెడల్స్ ఒక్కొక్కటి గీకి గీకి తుడిచి, తళతళ మెరుస్తున్నయి, నడిమిట్ల ఎర్రగ బొట్టు. ఆయన పంచె కట్టుకొని వాటి ముందట బాసింపట్టు వేసుకొని కూసున్నడు. నన్ను చూసి అన్నడు, 'వాడు తెలియక తొక్కాడమ్మగారూ. ఆ పాపం వాడి వెంట వెళ్లకూడదని కడిగాను.' తొక్కెటప్పుడు కళ్లకద్దుకునేటోడు సారూ అని అప్పుడు చెప్పిన. ఆ మనిషి మొఖం చూడలేకపోయిన.

జశ్వంత్ పగటాల వచ్చిండు. లోపటికొచ్చి ఆ చెక్క మీదికి ఒంగిండు. ఒంగినోడు ఒంగినట్లనే ఉన్నడు. 'అంకుల్, గీతలుండాలి కదా?' అన్నడు. 'ఏ గీతలు?' అన్నడాయన. 'ఈ నాబులు ఎవరు తిప్పారు?' అంటె ఆయన ఏమీ ఎరగనట్టు, మంచి పని చేసినోని లెక్కనే చెప్పిండు. 'అన్నీ సున్నాకు తెచ్చానయ్యా. మా సబ్‌స్టేషన్‌లో అంతే. కరెంటు తీసి, అన్నీ సున్నాకు తెచ్చాకే గుడ్డ పెట్టాలి. లేకపోతే ప్రాణానికి ముప్పు.' ముప్పై ఏండ్ల అలవాటాయె. జశ్వంత్ మంచి పిల్లగాడు, కోపానికి రాలే. మెల్లగ సమజ్ చేయించిండు, అంకుల్, లోహిత్ సౌండ్ అందులోనే ఉండిందండీ అని. అప్పుడు కుప్పలాగ కూలిండు పెద్దమనిషి. నెత్తి మీద కొట్టుకున్నడు. బతికుండంగ వినలేదు, పోయినంక నా చేత్తో నేనే తుడిచేశానా అని. ఎవలనేమంటవు చెప్పు. ప్రేమ తోని చేసిన పనాయె.

ఫోన్లల్ల ఉండదా అంటవా? ఉన్నది, మందిల వాయించిన పాతయి. రేకు డబ్బాల గులకరాళ్లేసినట్టు ఉంటయి. కొత్తది ఎవలు విన్నరు? నేనొక్కదాన్నే. జశ్వంత్ కూసొని తిప్పుడు, నన్నడుగుడు, ఆంటీ ఇదేనా? కాదు బిడ్డా. ఇదా? కాదు. పొద్దుగూకింది. గుట్ట కాడికి పోయి ఆ లెక్కన్నా తెచ్చుకుందమంటె, గుట్టకు అప్పటికే బాంబులు పెట్టి సగం పలగొట్టిండ్రు. ఆఖరుకు సుబ్రహ్మణ్యం గారు నా దిక్కు మర్లిండు. 'ఎలా ఉండేదమ్మగారూ? మీరైనా చెప్పండి' అన్నడు. ఎట్ల చెప్పాలె? బర్రె ముచ్చట చెప్పాల్నా? మెట్ల మీద ఎక్కిరించేదాన్ని గద, గట్లనే నోటితోని తీసిన. సిగ్గిడిసి, కండ్లు మూసుకొని తీసిన, గట్టిగ లేపి, సాగదీసి, తగ్గించి, మల్ల లేపి. కండ్లు తెరిచి చూస్తె ఆ మనిషి రెండు చేతులు జోడించి కూసున్నడు. కొడుకు పాటను తండ్రి నా నోట్లకెల్లి విన్నడు, చూడు ఖర్మ.

గిటార్లు జశ్వంత్‌కిచ్చిండు. ఆంప్లిఫయర్, గా డబ్బాలు పైన్నే ఉంచిండు, ఎవలన్న తిప్పి తిప్పి పట్టుకుంటరేమోనని. బొట్లు గూడ అట్లనే ఉన్నయి, చూస్తవ్ గని. జశ్వంత్ శాన రోజులు వచ్చిండు, ఇగ పెండ్లయింది, పిల్లలైండ్రు. సుబ్రహ్మణ్యం గారు మాత్రం ప్రతి నవమినాడు ఫోన్. 'అమ్మగారూ, ఒక్కసారి అనరా?' నేను అనుడు. మా కోడలు రేఖ వంటింట్లకెల్లి చూసి నవ్వేది, అత్తమ్మ మల్ల మొదలుపెట్టిందని. తర్వాత తర్వాత ఆమె గూడ నవ్వుడు బంద్ చేసింది. ముందటేడాది ఏమైందో ఎర్కేనా? నేను తీసిన. అటుకెల్లి, 'తగ్గిందండీ, చివర్న ఇంకా సాగాలి' అన్నడు. నాకే చెప్తుండు, విననే వినని మనిషి! ఆ మాటన్నంక ఫోన్ల ఆయనే తీసిండు. సన్నటి గొంతు, దగ్గుకుంట. సరిగ్గ ఉన్నది బిడ్డా. నాకంటె సరిగ్గ ఉన్నది.

మొన్న నవమికి ఫోన్ రాలే. పోయిండట, ఎండాకాలంలనే.

ఇగ రూమంటవా, నీకే ఇస్త. సప్పుడు చేసుకో, నేనేమన. గా డబ్బాలు తిప్పుకో, బొట్లు మాత్రం తుడవకు. కాళ్లు కడుక్కొని తొక్కాలె, గదొక్కటి. దొరికిందో లేదో నేను చెప్త, ఇంకెవలున్నరు చెప్పెటందుకు... ఏమంటవ్? ఇప్పుడా? ఎట్లుంటదో తియ్యమంటవా? గిట్ల వాకిట్ల కూసోని? సరె, ఆగు, గొంతు సవరించుకోనియ్. ఊఁ... ఊఁ... కాదు, ఇట్ల కాదు, ముందుగాల గట్టిగ లేవాలె. ఆగు. ఊఁఁ... ఇగో, గీడికెల్లి తగ్గి... తగ్గి...

...

ట్యాంకు నిండినట్టుంది బిడ్డా, నీళ్లు కారుతున్నయి చూడు. జర పోయి ఆ మోటర్ బంద్ చేసిరా.