రాజు ఆఖర్న తింటాడు

"మామ్మా, సబ్‌కో పరోస్‌నా పడేగా క్యా? స్టెల్లా కో భీ?"

అందరికీ వడ్డించాలా, స్టెల్లాకి కూడానా అని అడుగుతన్నావా? మరేటనుకున్నావే రూతూ, కిరీటం ఎట్టుకుని ఫొటో తీయించుకుని ఎల్లిపోడానికేటి? రేపు నాటకంలో నువ్వు దావీదు ఏషం కడతన్నావు. ఈ బర్మామైన్స్ తెలుగు చర్చిలో ఆడగుంట రాజవ్వడం ఇదే మొదులు. నిన్న మార్కెట్టులో కనిపించినోళ్ళందరికీ సెప్పీసినాను నాను, కూరలమ్మీ ఆవిడకి కూడా. ఆవిడకి దావీదెవులో తెలీదు పాపం, అచ్ఛా అచ్ఛా అనీసింది.

నాటకం అయిపోనాక రాజు కిరీటం తియ్యకూడదు. దాంతోనే అన్నం బకెట్టు పట్టుకుని పంక్తిలో అందరికీ వడ్డించాల. ఒక్క ఇస్తరి దాటి ఎల్లకూడదు. ఆఖరోళ్ళు తిని లెగిసినాక అప్పుడు రాజు తినాల. ఇది మన పద్దతి. మాంగో బస్తీలో మనోళ్ళ చర్చి ఉన్నాది గదా, అక్కడా లేదు, నానడిగినాను.

ఆ స్టెల్లాతో నీకు మాటల్లేవని నాకు తెలుసు. ఎందుకో అడగను. అడిగితే నువ్వు హిందీలో గడగడా మొదులెడతావు, నాను అందుకోలేను. నువ్వే ఇను ఇప్పుడు. ఇలా కూకో. ఆ కిరీటం ఇలా తే.

ఇది నూనె డబ్బా రేకు, తెలుసా? మెరుపు కాయితం మాత్రం ఏడాదికోసారి మారుత్తారు. ఇది సేసింది మా నాన్న. అంటే నీకు ముత్తాత. ఆయన పాలకొండ కాణ్ణించి వచ్చి ఇక్కడ ఉక్కు కంపెనీలో క్రేను కింద ఖలాసీగా సేరినాడు. మంచి పొడుగు మడిసి. సౌలు రాజు అందరికన్నా తలెత్తు ఎక్కువని బైబిల్లో రాసుంటాది గదా, అలాటి పొడుగు. పొడుగుతో పాటు పొగరూ ఉన్నాదనుకో. మా సిన్నాన్న, ఆయన తమ్ముడు, ఆదిత్యపూర్‌లో రేకు పని సేసీవోడు. ఆయన సుత్తి పట్టినాడంటే రేకు సెప్పిన మాట ఇనీది.

ఆ ఇద్దరికీ మాటల్లేవు. ఏటంటే, సిన్నాన్న తనకి నచ్చిన పిల్లని సేసుకున్నాడు, అన్నని అడక్కుండా. మా నాన్న ఆ పెళ్ళికి ఎల్లలేదు. ఎల్లకపోతే పోనాడు, అవతల పెళ్ళి గంట కొడతా ఉంటే ఈయన ఈదరుగు మీద కూకుని తీరిగ్గా గెడ్డం గీసుకున్నాడు, ఈదంతా సూసేలాగ. ఆ సంగతి ఎవులో సిన్నాన్న సెవిలో ఏసీసినారు. అక్కణ్ణించి ఒకే చర్చిలో ఈయన ఈ మూల, ఆయన ఆ మూల. మా అమ్మా పిన్నీ మాత్రం కుళాయి కాడ దొంగతనంగా మాటాడుకునీవోరు.

నాకు పదేళ్ళో పదకొండో అప్పుడు. ఆ ఏడు పెద్దలందరూ కలిసి మా నాన్నని రాజన్నారు. ఇంక ఆయన నేల మీద నడిస్తేనా. పాత కిరీటం తుప్పట్టిపోనాదంటే కొత్తది నానే సేత్తానన్నాడు. రేకు పనోడు తమ్ముడుండగా ఈయన సేత్తాడంట, సూడు ఇంక. నూనె డబ్బా కోసీసి, కొసలు తీసి, మెరుపు కాయితం అంటించీసినాడు. సూపుకి బాగానే ఉన్నాది. అంచు మాత్రం మడవలేదు. రేకు పని తెలిసినోడెవుడూ అంచు మడవకుండా ఒగ్గడు. ఈయనకేటి తెలుత్తాది, క్రేనుకి తాళ్ళు కట్టీవోడికి.

ఆగు, ఈ పద్దతి ఎలాగొచ్చిందో సెప్పకుండా ఎల్లిపోతన్నాను. అప్పట్లో ఒక ముసలి పాస్టరయ్యగారుండీవోరు. ఆయన సెప్పీవోరు. జనం సమూయేలు ప్రవక్త కాడికెల్లి, అందరికీ రాజులున్నారు మాకూ ఒకడు కావాలన్నారు. దేవుడికి కష్టం తోచింది. తోచదేటి మరి, తనుండగా ఇంకో రాజెందుకు? అయినా ముందే సెప్పించినాడు. ఆ రాజు మీ కొడుకుల్ని తీసుకుంటాడు, కూతుళ్ళని తన వంటకి తీసుకుంటాడు, మంచి పొలాలు తీసుకుంటాడు, తరవాత ఏడుత్తారు అని. ఆళ్ళు ఇన్లేదు. మనం మాత్రం ఇంటామేటి. సౌలొచ్చినాడు, సెడిపోనాడు. తరవాత కొత్త రాజు నెత్తి మీద నూనె పొయ్యడానికి సమూయేలు దావీదు తండ్రి యెష్షయి ఇంటికెల్తే కొడుకులందర్నీ వరసగా నిలబెట్టినారు, సిన్నోణ్ణి తప్ప. ఆడు గొర్రెల కాడున్నాడు. కన్నతండ్రే పిలవలేదు. ఆ గుంటడొచ్చీదాకా మేం బోజనానికి కూకోం అన్నాడు సమూయేలు.

ఈ మాట కాడ అయ్యగారు ఆగిపోయీవోరు. "అక్కడ పిలవనోడి కోసం బోజనం ఆగింది. ఆ దావీదు వంశంలో పుట్టిన రాజు యేసయ్య తువ్వాలు కట్టుకుని అందరి కాళ్ళూ కడిగాడు. మన చర్చిలో రాజు కుర్చీలో కూర్చుంటే ఎలాగమ్మా?" అనీవోరు. అలాగ ఎట్టినారు ఈ పద్దతి. తీసుకునీ రాజులు ఎక్కడైనా ఉంటారు. మన రాజు ఇచ్చీవోడు. మనల్ని కూడా రాజుల్ని సేసినాడంటారు గదా, దానికి నాకు తెలిసిన అర్దం ఒకటే. తల ఎత్తుకో, నడుం వంచు. రెండూ ఒకేసారి సెయ్యాల.

సరే, ఆ రోజు. క్రిస్మస్ ఎల్లిన ఆదివారం, మజ్జేనం. నాటకం బెమ్మాండంగా అయింది. గోనెలు పరిసి అందరూ పంక్తిలో కూకున్నారు. సాలాకుల ఇస్తర్లు. మేకమాంసం వాసన ఈది సివరదాకా. మా నాన్న కిరీటంతో అన్నం బకెట్టట్టుకుని వత్తా ఉంటే పిల్లలం వెనకాల నవ్వుకుంటా ఎల్తన్నాం. సిన్నాన్న కాడికొచ్చీసరికి ఆయన ఇస్తరి మీద అడ్డంగా సెయ్యెట్టీసినాడు. వద్దని.

దాటి ఎల్లకూడదు గదా. నాన్న అక్కడే నిలబడిపోనాడు. ఈయన ఎల్లడు, ఆయన సెయ్యి తియ్యడు. పంక్తంతా తినడం మానీసి సూత్తన్నారు. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు నాన్న వంగినాడు, ఆ పొడుగు మడిసి. వంగీసరికి కిరీటం ముందుకి జారి, ఆ రేకంచు నుదురు కోసీసింది. రత్తం కనుబొమ్మ మీదకొచ్చింది. ఒక సేతిలో బకెట్టు, ఒక సేతిలో గరిటి. తుడుసుకోడానికి లేదు. అలాగే అన్నాడు:

"నీ పెళ్ళిలో వడ్డించాల్సినోణ్ణి. రాలేదు. తప్పు నాదే. ఇప్పుడు వడ్డిత్తాను, తినరా."

సిన్నాన్న లెగిసినాడు. ఎల్లిపోతాడనుకున్నాం. లెగిసి నాన్న నెత్తి మీంచి కిరీటం తీసినాడు, అంచు మీద బొటనేలు రాసి సూసినాడు. "అంచు మడవకుండా రేకు తలకెట్టుకుంటారేటి అన్నయ్యా" అన్నాడు. అన్నయ్యా అని ఎన్నాళ్ళకి పిలిసినాడో. బైటికెల్లి, టెంటు గూటాలు కొట్టీ సుత్తి తీసుకుని, చర్చి మెట్టు మీద కూకుని అంచు మడిసినాడు. టక్కుటక్కుమని ఆ సప్పుడే. మళ్ళా వచ్చి, తన తువ్వాలుతో అన్న నుదురు తుడిసి, కిరీటం తనే ఎట్టినాడు. ఎట్టి ఇస్తరి ముందు కూకుని, "ఎయ్యి" అన్నాడు.

నాకు ముళ్ళకిరీటం ఎట్టిన యేసయ్య నుదురే గుర్తొచ్చింది. మా నాన్న యేసయ్యంతటోడేటి కాదులే, పొగరుబోతు. అయినా ఆ రోజు బర్మామైన్స్‌లో ఆయనంత రాజు ఇంకొకడు లేడు. ఆఖర్న తిన్నాడు. తిన్నంతసేపూ సిన్నాన్న పక్కనే కూకున్నాడు.

ఇలా ఏలెట్టి సూడు అంచు మీద. గుచ్చుకుందా? గుచ్చుకోదు. ఆ మడత సిన్నాన్నదే. ఎన్ని తలల మీదకెక్కిందో, మళ్ళా ఎవుల్నీ కొయ్యలేదు. నాను ఆ రాజు కూతుర్ని. నువ్వు ఆ రాజు మునిమనవరాలివి. స్టెల్లా ఇస్తరి కాడ నీకెలాగుంటాదో నాను సెప్పలేను. ఆ పిల్ల సెయ్యి అడ్డమెట్టినా ఎట్టొచ్చు. నిలబడు. మన రాజులు నిలబడతారు.

సరే, ఆ కిరీటం ఆ మూలన ఎట్టీసి, నూనె సీసా తెచ్చి ఇలా నా ముందు కూకో. జడ ఇప్పు. దావీదు నెత్తి మీద ముందు పడింది నూనే, కిరీటం తరవాతొచ్చింది. తల వంచమ్మా... ఆ, అలాగ. దేవుడు నిన్ను సల్లగా సూడాల.