ఫుసాకో స్నేహితురాలు

హిరోషిమా, 1953 ఆగస్టు ఆరు. తోమే కూతురు ఫుసాకో అణుబాంబుకు బలై ఎనిమిదేళ్ళు. ఏటా వచ్చినట్టే ఆ పిల్ల స్నేహితురాలు కినుయో వచ్చి, పటం ముందు అగరువత్తి వెలిగించి కూర్చుంది.

"ఇంత ఉక్కలో ఆ పొడుగు చేతుల చొక్కా ఏమిటే? పైకి మడుచుకో. నీ కాలిన మచ్చలు చూసి జడుసుకునేవాళ్ళు ఇక్కడెవరున్నారు?"

"అలవాటైపోయింది పిన్నిగారూ."

"పుచ్చకాయ తిను. పెళ్ళికూతురివి, చీపురుపుల్లలా ఉన్నావు."

"తింటాను. పిన్నిగారూ, ఒక మాట..."

"పెళ్ళి సంగతేగా? మీ అమ్మ చెప్పింది. ఒసాకా అబ్బాయటగా. మంచివాడేనా?"

"మంచివాడే. నెమ్మదస్తుడు."

"ఆ రోజు నువ్వీ ఊళ్ళో ఉన్నావని వాళ్ళకి చెప్పారా?"

"పుచ్చకాయ తియ్యగా ఉంది పిన్నిగారూ."

"చెప్పలేదన్నమాట."

"ఆ మాటెత్తితే సంబంధం తప్పిపోతుందని అమ్మ భయం. మాది ఈ ఊరు కాదు, కూరె ఊరని చెప్పింది. మచ్చలేమో చిన్నప్పుడు వేణ్ణీళ్ళు పడ్డాయని."

"పోనీలే. మీ అమ్మ మాత్రం ఏం చేస్తుంది."

"ఒసాకా వెళ్ళాక ఏటా రాలేను. అందుకే ఈసారి చెప్పేసి వెళ్దామని..."

"రాలేకపోతే ఉత్తరం ముక్క రాయి. ఉండు, ఇంకో ముక్క కోసుకొస్తా."

"కూర్చోండి. ఫుసాకో సంగతి."

"అది ఏటా చెబుతూనే ఉన్నావుగా. మెరుపు మెరిసింది, అదే క్షణంలో పోయింది, నొప్పి తెలియలేదు. చాలమ్మా."

"అది అబద్ధం."

"ముందు తిను."

"వినండి పిన్నిగారూ. ఆ పొద్దున మా బడి పిల్లలందరం, బాంబులు పడితే మంటలు పాకకుండా ఇళ్ళు పడగొట్టే పనిలో ఉన్నాం కదా. వెలుగొచ్చింది. నేను కళ్ళు తెరిచేసరికి ఫుసాకో కాళ్ళమీద దూలం పడి ఉంది. బతికే ఉంది. నన్ను పేరుపెట్టి పిలిచింది. లాగాను. ఎంత లాగినా రాలేదు. మంటలు దగ్గరికొచ్చేస్తున్నాయి. ఎవరినైనా తీసుకొస్తానని చెప్పి..."

"చెప్పి?"

"పరిగెత్తాను. ఎవరినీ పిలవలేదు. వెనక్కి చూడను కూడా లేదు. ఏటిదాకా పరిగెత్తాను. దాన్ని మంటల్లో వదిలేశాను. మీకేమో, నొప్పి తెలియకుండా పోయిందని ఇన్నేళ్ళూ..."

"నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"అది మంటల్లో పోలేదు. ఎవరో సైనికులు దూలమెత్తి బయటికి లాగారట. మర్నాడు ఒక బడి వరండాలో దొరికింది నాకు, చాపమీద. ముఖం చూసి కాదు, 'అమ్మా' అన్న గొంతు విని గుర్తుపట్టాను. రెండు రోజులు బతికింది."

"అయితే... నేను మొదటిసారి మీ గుమ్మంలో నిలబడి చెప్పినప్పుడు..."

"దాని అస్థికలు అప్పటికే ఇంట్లో ఉన్నాయి."

"మరి ఎందుకు ఊరుకున్నారు? ఎనిమిదేళ్ళు?"

"మొదట్లో కోపం. నీ అంతట నువ్వే నోరు విప్పాలనుకున్నాను. తర్వాత తర్వాత... నాకు తెలుసంటే సిగ్గుపడి రావడం మానేస్తావేమోనని. దాని పేరు పలికే మనిషివి నువ్వొక్కదానివే మిగిలావు. నా స్వార్థం అనుకో."

"నన్ను తిట్టుకుందా? దాచకండి. ఏమన్నా పడతాను."

"కినుయో, ఇలా చూడు. ఆ రెండు రోజులూ అది నీళ్ళు కూడా అడగలేదు. 'కినుయో మనుషుల్ని తేవడానికి వెళ్ళింది. నాకోసం మళ్ళీ ఆ మంటల్లోకి వస్తుంది. రావద్దని చెప్పమ్మా' అంటూనే ఉంది. పోయేదాకా అదే మాట."